సమీక్షలు ఆపేముందు తీర్చుకోవలసిన బాకీలు

ఇరవై ఏళ్లుగా ఇష్టం కొద్దీ సంగీత సమీక్షలు రాస్తున్నానని, ఇక ఆపాలనుకుంటున్నానని, చదివేవాళ్లకు ఏమని చెప్పాలో తెలియక సతమతమవుతున్నానని, చెప్పకుండా మానేస్తే తప్పవుతుందా అని మీరు అడిగారు. నేను ఒడిశాలోని బరంపురంలో 1996 నుంచి 2019 వరకు ఇదే పని చేసి ఆపినవాణ్ని కనుక నా అనుభవం మీకు కొంత పనికొస్తుందనుకుంటున్నాను. చెప్పకుండా మానేయకండి. అయితే ఎందుకు మానేస్తున్నారో వివరించడం కన్నా, ఇన్నేళ్ల రాతల వల్ల ఎవరెవరికి బాకీ పడ్డారో చూసుకుని తీర్చడమే అసలైన వీడ్కోలని నా గట్టి అభిప్రాయం.

నాది నెలకొక నాలుగు పేజీల కాగితం. చేత్తో రాసి, జెరాక్స్ తీయించి, ఊళ్లో ఉన్నవారికి స్వయంగా ఇచ్చి, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, ఇచ్ఛాపురం వైపు ఉన్నవారికి బుక్ పోస్టులో పంపేవాణ్ని. అరవై ప్రతులు ఎన్నడూ దాటలేదు. మా గంజాం జిల్లా తెలుగువాళ్లకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. అప్పట్లో కర్ణాటక సంగీతం వినాలంటే రేడియోలో విశాఖపట్నం కేంద్రం కోసం కాచుకోవాలి, లేదా మూడు నాలుగు గంటలు రైల్లో ప్రయాణించి విజయనగరం వెళ్లాలి. 1919లో మహారాజావారు సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసు గారిని మొదటి అధ్యక్షుడిగా కూర్చోబెట్టిన ఆ ఊరే మా వైపు వారందరికీ సంగీతానికి పెద్దదిక్కు. అటువంటి చోట నెలకు ఒక్క క్యాసెట్ కొనగలిగినవాడికి ఏది కొనాలో చెప్పే మనిషి కావాలి. ఆ మనిషి ఎవరూ కనబడక నేనే మొదలుపెట్టాను.

నా మొదటి పెద్ద బాకీ 2003 నాటిది. ఒక పెద్దాయన గాత్ర కచేరీ క్యాసెట్ వచ్చింది. ఆయన ఒకటిన్నర శ్రుతిలో, అంటే ఒకటి శ్రుతి కన్నా ఒక మెట్టు పై స్థాయిలో, పాడడం నేను విజయనగరంలో ఎదురుగా కూర్చుని విన్నాను. క్యాసెట్లో మాత్రం ఒకటి శ్రుతిలో వినిపించింది. శ్రుతిపెట్టె పెట్టి సరిచూసుకుని మరీ, వయసు మీద పడడంతో ఆయన శ్రుతి తగ్గించుకున్నారని, మునుపటి నిగారింపు పోయిందని రాశాను. రెండేళ్ల తర్వాత నా టేప్ రికార్డర్ ఆగిపోతే పెద్ద బజారులో ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. అతను లోపలి నుంచి నల్లటి రబ్బరు బెల్టును తీసి, కొత్తదాని పక్కన పరిచి చూపించాడు. పాతది చిటికెన వేలి గోరంత పొడవు సాగి, జారుతూ, మెరుస్తూ ఉంది. బెల్టు జారితే టేపు నెమ్మదిగా నడుస్తుంది. వేగం నూటికి ఆరు వంతులు తగ్గితే చాలు, శ్రుతి దాదాపు ఒక మెట్టు దిగిపోతుంది, ఒకటిన్నర కాస్తా ఒకటి అవుతుంది. ఇంటికి వచ్చి అదే క్యాసెట్ మళ్లీ పెట్టాను. పెద్దాయన ఎప్పటిలా ఒకటిన్నరలోనే, పై షడ్జం మీద ఏమాత్రం తొణకకుండా నిలబడి పాడుతున్నారు.

ఆ విషయం వెంటనే రాయలేదు. ఎవరూ అడగలేదు కదా అని ఊరుకున్నాను. ఇరవై మూడేళ్లలో నేను చేసినవాటిలో నన్ను ఇప్పటికీ బాధించేది ఆ తప్పు కాదు, ఆ ఊరుకోవడం.

రెండోది 2018లో జరిగింది. ఒక యువ గాయని సీడీ గురించి రాస్తూ, శ, ష, స అక్షరాలు ఆమె నోట తేడా లేకుండా నలిగిపోతున్నాయని, సాహిత్యం మీద శ్రద్ధ లేదని విమర్శించాను. పర్లాకిమిడిలో తెలుగు చెప్పే ఒక ఉపాధ్యాయుడు, ఉచ్చారణ చక్కగానే ఉంది, దయచేసి మరొకసారి వినండి అని ఉత్తరం రాశారు. ఈసారి ముందుగా యంత్రాన్నే అనుమానించి కొత్త హెడ్‌ఫోన్ కొన్నాను. తేడా ఏమీ కనిపించలేదు. పక్కింట్లో వయొలిన్ నేర్చుకుంటున్న పదిహేనేళ్ల అమ్మాయిని పిలిచి వినిపిస్తే, "స్పష్టంగానే ఉంది కదా తాతగారూ" అన్నది. అప్పుడు చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాను. పరీక్ష కాగితం మీద గీత కొంతదూరం అడ్డంగా, సమంగా నడిచి, 3,000 హెర్ట్జ్ దాటాక మెట్లు దిగినట్టు కిందికి పడిపోయింది. వయసుతో వచ్చే చెవుడు పై పౌనఃపున్యాల (కీచు ధ్వనుల) దగ్గరే మొదలవుతుందని, శ, ష, స వంటి ఊష్మాక్షరాల బలమంతా అక్కడే ఉంటుందని, అచ్చులు కింది భాగంలో ఉంటాయి కనుక గొంతు నిండుగానే వినబడుతూ అక్షరం మాత్రం అరిగిపోతుందని ఆయన ఓపికగా వివరించారు. ఆ రోజే ఆపాలని నిశ్చయించుకున్నాను. మనసుకు నచ్చిన పాట వినడానికి ఆ చెవులు ఇప్పటికీ చాలు. ఇంకొకరి కృషిని తూచడానికి చాలవు.

ఆపడానికి ఆరు నెలల గడువు పెట్టుకుని పాత సంచికలన్నీ మొదటి నుంచి చదివాను. మీరు కూడా ముందుగా ఈ పనే చేయండి. మనం మరిచిపోయినవి చాలా బయటపడతాయి. ఒడిశా సంప్రదాయ సంగీతమైన ఒడిస్సీ గాత్రం క్యాసెట్ ఒకదాని మీద రాసినప్పుడు అక్కడి ముఖారి రాగాన్ని మన కర్ణాటక ముఖారి కొలతతో కొలిచి, రాగం తప్పిందని తేల్చేశాను. పేరు ఒకటే అయినా నడక వేరని, అది గోపాలకృష్ణ పట్టనాయక్ వంటి వాగ్గేయకారుడు పర్లాకిమిడిలోనే ఉండి పెంచిన సంప్రదాయమని ఒడియా మిత్రులు చెప్పాకగాని నాకు తెలియలేదు. ఆ మట్టిలోనే పుట్టి పెరిగిన నాకు అది తెలియకపోవడం సిగ్గుపడవలసిన విషయం.

ఆఖరి సంచికలో కొత్త సమీక్ష ఒక్కటీ వేయలేదు. మూడు పేజీలు సవరణలకే సరిపోయాయి. 2015 తర్వాత రికార్డింగ్ నాణ్యత గురించి నేను చెప్పినదేదీ లెక్కలోకి తీసుకోవద్దని కూడా రాశాను. నాలుగో పేజీలో, సమీక్ష కోసం పంపితే నేను అందుకుని కూడా రాయలేకపోయిన పదకొండు సీడీల పేర్లు, పాడినవారి పేర్లు, దొరికే చోటు ఇచ్చాను. అరువు తెచ్చుకున్న క్యాసెట్లు ఎవరివి వారికి తిప్పి పంపాను. నేను ఆపడానికి కారణం రెండు వాక్యాల్లో ముగించాను. చదివేవారికి అంతకన్నా అక్కర్లేదు; ఎక్కువ రాస్తే ఓదార్పు అడిగినట్టు ఉంటుంది.

రాతప్రతులు ఏం చేయాలన్న దిగులు మీకు కూడా ఉండవచ్చు. పక్కింటి అమ్మాయికి ఇద్దామంటే, తెలుగు చక్కగా మాట్లాడుతుందే గాని చదవడం రాదు. మా సరిహద్దు ఊళ్లలో ఆ తరానిదంతా ఇదే పరిస్థితి. అందుకని ఆదివారాలు నేను పాత సమీక్ష పైకి చదువుతాను, తర్వాత ఆ క్యాసెట్ పెడతాను, నా మాట ఎక్కడ సరిపోలేదో ఆ అమ్మాయి చెబుతుంది.

యువ గాయనికి ఆఖరి సంచిక పంపితే నాలుగు రోజుల్లో మర్యాదగా జవాబు వచ్చింది. పెద్దాయనకు పంపిన సంచిక ఆ క్యాసెట్ మీద ఉన్న చిరునామాకు వెళ్లింది. జవాబు వాళ్లబ్బాయి రాశారు. తండ్రిగారు 2011లో పోయారట. నా సమీక్ష ఆయన చదివారట. చదివిన రోజు సాయంత్రం ఏమీ అనకుండా శ్రుతిపెట్టె తెప్పించుకుని, ఒకటిన్నరకు పెట్టి, గది తలుపు వేసుకుని చాలాసేపు పాడి చూసుకున్నారట.

కాబట్టి ఆఖరి సంచిక దాకా ఆగకండి. సరిదిద్దవలసింది ఏదైనా మీకు ఇప్పటికే తెలిసి ఉంటే, సంబంధించిన మనిషికి ఈ వారంలోనే ఉత్తరం రాయండి. వీడ్కోలు మాటలు తర్వాత చూసుకోవచ్చు.