చదరపు అడుగుకు ఆరు వందలు ఎక్కువ: ‘గ్రీన్’ ఫ్లాట్ కొనాలా?

ప్రశ్న: మేమిద్దరం హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగులం. నాకు 37 ఏళ్లు, నా భార్యకు 34. ఆరేళ్ల పాప ఉంది. ఇద్దరికీ కలిపి నెలకు 1.65 లక్షలు చేతికి వస్తాయి. మియాపూర్‌లో 24 వేల అద్దె ఇంట్లో ఉంటున్నాం. బ్యాంకు డిపాజిట్లు 26 లక్షలు, మ్యూచువల్ ఫండ్లు 18 లక్షలు ఉన్నాయి. కొల్లూరు వైపు నిర్మాణంలో ఉన్న నాలుగు టవర్ల ‘గ్రీన్’ ప్రాజెక్టులో 1,450 చదరపు అడుగుల ఫ్లాట్ చూశాం. అడుగు 7,100 అంటున్నారు. అదే రోడ్డులో మరో ప్రాజెక్టులో అంతే ఫ్లాట్ 6,500కు వస్తోంది. గ్రీన్ ఫ్లాట్‌లో కరెంటు, నీటి ఖర్చు 30 శాతం తగ్గుతుందని, బ్యాంకు వడ్డీ కూడా తక్కువని, అదనంగా పెట్టిన డబ్బు తిరిగి వచ్చేస్తుందని చెబుతున్నారు. మా మామగారేమో శంకర్‌పల్లి దగ్గర ‘ఎకో విలేజ్’లో పది గుంటల ఫామ్ ప్లాటు 30 లక్షలకు తీసుకుని మట్టి ఇల్లు కట్టుకోమంటున్నారు. పర్యావరణానికి హాని చేయని ఇంట్లో ఉండాలన్నది మా కోరిక. ఏది మంచిది?

జవాబు: డబ్బు తిరిగి వచ్చేస్తుందన్న మాట సంగతి ముందు చూద్దాం. అది నమ్మకంతో పని లేకుండా, కాగితం మీద తేలిపోయే విషయం.

రెండు ఫ్లాట్ల మధ్య ధరలో తేడా 8.7 లక్షలు. నిర్మాణంలో ఉన్న ఇల్లు కాబట్టి దానిమీద 5 శాతం జీఎస్టీ, ఆపైన స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులు 7.5 శాతం. అన్నీ కలిపితే మీరు ‘గ్రీన్’ అన్న మాటకు చెల్లిస్తున్నది దాదాపు 9.8 లక్షలు. ఇదే సొమ్మును 8 శాతం వడ్డీకి ఇరవై ఏళ్లకు అప్పుగా తెచ్చుకుంటే నెలకు 8,200 రూపాయల కిస్తీ పడుతుంది.

ఇప్పుడు ఆదా. మీ కరెంటు బిల్లు ఏడాది సగటున నెలకు 2,800 అనుకుందాం. వాళ్లు చెప్పిన 30 శాతం అచ్చంగా తగ్గినా మిగిలేది 840. మెయింటెనెన్సులో ట్యాంకర్ల ఖర్చు తగ్గి మరో అయిదారు వందలు మిగిలాయనుకోండి. ఉదారంగా నెలకు 1,500 అని వేసుకుందాం. కరెంటు, నీటి ధరలు ఏటా 5 శాతం పెరుగుతాయని కూడా ఒప్పుకుందాం. ఇరవై ఏళ్లపాటు వచ్చే ఆ ఆదాకు, అదే 8 శాతం వడ్డీ లెక్కన ఈరోజు విలువ కడితే 2.6 లక్షలు. మీరు పెట్టేది 9.8 లక్షలు. మిగతా ఏడు లక్షలు దేనికో అమ్మేవాళ్లను అడగండి. క్లబ్‌హౌస్, విశాలమైన లాన్, తక్కువ ఫ్లాట్లు అని జవాబు వస్తే, అవి ఇష్టమైతే కొనుక్కోండి, తప్పు లేదు. కానీ వాటిని కొంటున్నది మీ సరదా కోసం, పర్యావరణం కోసం కాదు. ఆ లాన్‌ను తడపడానికి ఎండాకాలంలో నీళ్లెక్కడి నుంచి వస్తాయో కూడా అడగాల్సిందే.

వడ్డీ తగ్గింపు సంగతి త్వరగా తేల్చేస్తాను. హరిత గృహాలకు కొన్ని బ్యాంకులు ఇచ్చే రాయితీ చాలా స్వల్పం. 0.10 శాతం తగ్గిందనుకున్నా 77 లక్షల అప్పు మీద నెలకు 480 రూపాయలు. మీ సిబిల్ స్కోరు బాగుంటే బేరమాడి అంతకంటే ఎక్కువే తగ్గించుకోవచ్చు. పన్ను ఆదా పట్టిక కూడా చూపించే ఉంటారు. మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే, సొంతంగా ఉండే ఇంటి అప్పుపై కట్టే వడ్డీకి మినహాయింపు లేదు. ఆ పట్టికను పక్కన పెట్టేయండి.

అసలు ఇబ్బంది మరోచోట ఉంది, దాన్ని మీ ప్రశ్నలో ప్రస్తావించలేదు. గృహరుణం 75 లక్షలు దాటితే ఇంటి విలువలో 75 శాతానికి మించి ఇవ్వకూడదన్నది రిజర్వు బ్యాంకు నియమం. 30 నుంచి 75 లక్షల మధ్య అయితే 80 శాతం దాకా ఇవ్వవచ్చు. స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులను ఇంత ధర ఇంటికి విలువలో కలపరు. గ్రీన్ ఫ్లాట్ ధర 1.03 కోట్లు. పన్నులు, రిజిస్ట్రేషన్, పార్కింగ్, కార్పస్ ఫండ్ (నివాసుల సంఘం మూలనిధి) అన్నీ కలిపితే 1.20 కోట్లకు చేరుతుంది. దానికి దొరికే అప్పు దాదాపు 77 లక్షలు. మీ చేతి నుంచి 43 లక్షలు పెట్టాలి. మీ దగ్గర ఉన్నది 44. అంటే డిపాజిట్లు, ఫండ్లు ఊడ్చేసి, ఒక్క లక్షతో, నెలకు 64 వేల కిస్తీతో, ఇల్లు చేతికొచ్చేదాకా అద్దె కూడా కడుతూ నిలబడాలి. ఇద్దరిలో ఒకరి ఉద్యోగం మూడు నెలలు ఆగితే ఏమవుతుందో ఊహించండి. రెండో ఫ్లాట్‌కు మొత్తం ఖర్చు 1.105 కోట్లు, అప్పు 75 లక్షలు, మీ వాటా 35.5 లక్షలు. ఎనిమిదిన్నర లక్షలు చేతిలో మిగులుతాయి.

ఇదంతా చదివి నేను గ్రీన్ ఇళ్లకు వ్యతిరేకినని అనుకోవద్దు. నా అభ్యంతరం ధర మీదే. కొన్ని అంశాలకు అదనంగా ఇవ్వడం తెలివైన పనే. దానికి నేను వాడే కొలత ఒకటే: కొన్నాక మార్చలేని వాటికి డబ్బు పెట్టండి, తర్వాత అమర్చుకోగలిగిన వాటికి పెట్టకండి.

మార్చలేని వాటిలో మొదటిది ఇల్లు ఎటు తిరిగి ఉందన్నది. దక్షిణపు కిటికీకి రెండడుగుల చజ్జా ఉంటే చాలు, వేసవిలో నడినెత్తినుండే సూర్యుణ్ని ఆపేస్తుంది. పడమట అలా కాదు. ఏప్రిల్‌లో సాయంత్రం నాలుగింటికి ఎండ ఏటవాలుగా నేరుగా లోపలికి దిగుతుంది, చజ్జా ఎంత ముందుకు లాగినా ప్రయోజనం ఉండదు. ఆ వేడి గోడలోకి ఎక్కి రాత్రి పదకొండు దాకా పడకగదిలోకి వదులుతూనే ఉంటుంది. మీకు చూపించిన ఫ్లాట్‌లో పెద్ద పడకగదికి పడమటివైపు నిలువెత్తు అద్దం ఉంటే, దానికి ఎన్ని ధ్రువపత్రాలున్నా మీ ఏసీ మాత్రం ఆగదు. ఎదురెదురు కిటికీలుండి గాలి ఆడుతుందా, వంటింటి గాలి బయటికి పోయే దారుందా, బాత్‌రూం వెంటిలేటర్ షాఫ్టులోకి కాక బయటికి తెరుచుకుంటుందా చూడండి. పై అంతస్తు అయితే పైకప్పు మీద తెల్లని కూల్ రూఫ్ పూత ఉందా అడగండి. తెలంగాణ ప్రభుత్వం 2023లోనే దీనికోసం ప్రత్యేక విధానం తెచ్చింది. గోడలకు వాడే తేలికపాటి ఏఏసీ దిమ్మెలను గొప్పగా చెబుతారు గానీ, అవి ఇప్పుడు మామూలు ప్రాజెక్టుల్లోనూ వాడేవే.

రెండోది నీళ్లు. దీన్ని బ్రోచర్‌లో చూస్తే తెలియదు. అదే బిల్డర్ నాలుగైదేళ్ల కిందట అప్పగించిన ప్రాజెక్టుకు వెళ్లండి, వీలైతే మే నెలలో. గేటు దగ్గర వాచ్‌మన్‌ను రోజుకు ఎన్ని ట్యాంకర్లు వస్తాయో అడగండి. ఆయన దాచాల్సిన పనేమీ లేదు. సెల్లార్‌లో ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి కేంద్రం) ఉన్న మూలకు వెళ్తే వాసనే సగం సంగతి చెబుతుంది. శుద్ధి చేసిన నీరు ఫ్లష్ ట్యాంకులకు వేరే పైపులో వెళ్తోందా, లేక కరెంటు ఖర్చుకు వెనకాడి అసోసియేషన్ దాన్ని ఆపేసిందా కనుక్కోండి. వాన నీటి విషయంలో ఒక చిన్న లెక్క: హైదరాబాద్‌లో ఏడాదికి దాదాపు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద పడ్డ నీటిలో అయిదో వంతు వృథా అయినా 60 వేల లీటర్లు దక్కుతాయి. అది ఇంకుడు గుంతలోకి వెళ్తోందా, డ్రైనేజీలోకి వెళ్తోందా అన్నది ఒక్క వాన పడ్డప్పుడు వెళ్లి చూస్తే తెలిసిపోతుంది.

స్థలం కూడా మార్చలేనిదే. చెరువు పూర్తి నీటిమట్టం పరిధిలోనో, దాని చుట్టూ ఖాళీగా వదలాల్సిన బఫర్‌లోనో కట్టింది ఎంత ‘లేక్ వ్యూ’ అయినా పచ్చని ఇల్లు కాదు, భద్రమైన ఆస్తి అంతకన్నా కాదు. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్ల బఫర్ వదలాలి. 2024లో చెరువుల ఆక్రమణలను కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఈ మాట విడిగా చెప్పాల్సిన అవసరం లేదనుకుంటాను.

ఇక తర్వాత అమర్చుకోగలిగినవి: ఎల్‌ఈడీ దీపాలు, నీటి పొదుపు కుళాయిలు, అయిదు నక్షత్రాల ఏసీ, తక్కువ కరెంటుతో నడిచే బీఎల్‌డీసీ ఫ్యాన్లు. మీరే దుకాణానికి వెళ్తే అన్నీ కలిపి ఎంతవుతుందో మీకు తెలుసు. వాటికి చదరపు అడుగు చొప్పున ధర కట్టడం, ఆపైన జీఎస్టీ, రిజిస్ట్రేషన్ చెల్లించి ఇరవై ఏళ్లు వడ్డీ పోయడం అర్థం లేని పని.

సోలార్ విషయంలో ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. 120 ఫ్లాట్ల టవర్ పైకప్పు మీద ట్యాంకులు, లిఫ్టు గదులు పోగా 50 కిలోవాట్లు పడతాయనుకుందాం. కిలోవాట్‌కు నెలకు 120 యూనిట్ల చొప్పున 6,000 యూనిట్లు వస్తాయి. ఫ్లాట్‌కు 50 యూనిట్లు. లిఫ్టులు, మోటార్లు, మెట్ల దీపాలకు సరిపోతుంది, మీ ఇంటి బిల్లు దాదాపు అలాగే ఉంటుంది. పీఎం సూర్య ఘర్ పథకంలో సొంత ఇంటికి 78 వేల దాకా రాయితీ ఉన్నట్టే, నివాసుల సంఘాలకు ఉమ్మడి అవసరాల కోసం కిలోవాట్‌కు 18 వేలు ఇస్తారు. ఆ లెక్కన 50 కిలోవాట్లకు 9 లక్షలు. పథకం 2026-27 వరకు ఉంది. బిల్డర్ ధరలో కలిపి అమ్మే సోలార్ కన్నా సంఘం పెట్టుకునే సోలార్ చవక. అయితే పైకప్పు మీద హక్కు సంఘానికే ఉంటుందని ఒప్పందంలో స్పష్టంగా ఉండాలి.

బిల్డర్లు బయటికి చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. 20 వేల చదరపు మీటర్లు, ఆపైన నిర్మాణం ఉన్న ప్రాజెక్టుకు 2006 నాటి నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ అనుమతి తప్పనిసరి. మీరు చెప్పిన నాలుగు టవర్లు ఆ కోవలోకి రావాలి. మురుగునీటి శుద్ధి, ఆ నీటి పునర్వినియోగం, వాన నీటి సంరక్షణ ఆ అనుమతి పత్రంలోనే షరతులుగా ఉంటాయి. పక్క ప్రాజెక్టు కూడా అంత పెద్దదైతే దానికీ అవే షరతులు. అంటే ఒకరు చట్టం ప్రకారం చేసేదాన్నే మరొకరు ప్రత్యేక సౌకర్యంగా అమ్ముతున్నారన్న మాట. కేంద్రం నడిపే పరివేష్ పోర్టల్‌లో రెండు ప్రాజెక్టుల అనుమతి పత్రాలనూ పక్కపక్కన పెట్టి చదవండి. మీ ఆరు వందల్లో ఎంత భాగం నిజంగా అదనమో అప్పుడు తెలుస్తుంది.

ధ్రువపత్రం కూడా అడగండి, కానీ ఏ దశదో చూడండి. హైదరాబాద్‌లోనే ప్రధాన కార్యాలయమున్న ఐజీబీసీ (ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్) గానీ, మరో సంస్థ గానీ డిజైన్ దశలో ఇచ్చేది ముందస్తు ధ్రువీకరణ మాత్రమే. కట్టడం పూర్తయ్యాక పరిశీలించి ఇచ్చేదే అసలుది. హోర్డింగ్ మీద మెరిసే ప్లాటినం రేటింగ్ చాలాసార్లు మొదటి రకమే. కాబట్టి ఏ స్థాయి, ఏ తేదీలోగా, రాకపోతే ఎంత వెనక్కి ఇస్తారన్నది విక్రయ ఒప్పందంలో రాయించండి. ఎస్టీపీ సామర్థ్యం, సోలార్ కిలోవాట్లు, అద్దాల రకం దానికి అనుబంధంగా చేర్చండి. ధరలో పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోవాలంటే ముందు ఒప్పందం రిజిస్టర్ చేయాలని రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం చెబుతోంది. ప్రకటనల్లో తప్పుడు మాటలు నమ్మి నష్టపోతే 12వ సెక్షన్ కింద పరిహారం కోరవచ్చు. కాబట్టి బ్రోచర్, వాట్సాప్ సందేశాలు పారేయకండి. రెండు ఫ్లాట్లూ 1,450 అన్నారు కదా, కార్పెట్ ఏరియా (గోడల లోపల నిజంగా వాడుకునే చోటు) ఎంతెంతో కూడా అడగండి. అసలు ధర పోల్చాల్సింది దాని మీద.

మామగారి మాటకు వద్దాం. ఆయన ఉద్దేశం మంచిదే. మట్టి ఇల్లు చల్లగా ఉంటుందన్నదీ నిజమే. కానీ పది గుంటలంటే 1,210 గజాలు, రమారమి వెయ్యి చదరపు మీటర్లు. లేఅవుట్ అనుమతి లేకుండా 2,000 చదరపు మీటర్లకన్నా చిన్న ముక్కలుగా వ్యవసాయ భూమిని ఫామ్ ప్లాట్ల పేరుతో అమ్మడం చెల్లదని పట్టణ ప్రణాళిక అధికారులు హెచ్చరిస్తూనే ఉన్నారు. భూ వినియోగ మార్పిడి లేకుండా ఇంటికి అనుమతి రాదు, గృహరుణమూ రాదు. పైగా శంకర్‌పల్లి మండలంలో కొన్ని గ్రామాలు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పరీవాహక రక్షణకు 1996లో తెచ్చిన 111 జీవో పరిధిలోవి. జంట జలాశయాలకు నీరిచ్చే నేలలో ‘పర్యావరణ గ్రామం’ పేరుతో విల్లాలు కట్టడం ఎంత విచిత్రమో ఆయనకే వినిపించండి. రోజూ రెండు కార్లలో నగరానికి వచ్చిపోయే పెట్రోలు సంగతి ఎలాగూ ఉంది. ఈ 30 లక్షలు వద్దు.

మూడో దారి ఒకటుంది: అదే ప్రాంతంలో ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఉండటానికి అధికారులిచ్చే అనుమతి) ఉన్న, అయిదారేళ్ల పాత ఫ్లాట్. జీఎస్టీ ఉండదు, అంటే దాదాపు అయిదు లక్షలు మిగులుతాయి. కొత్తగా సిమెంటు, ఇనుము ఖర్చు కాలేదు కాబట్టి మీ కోరికకూ ఇదే దగ్గర. గత వేసవి కరెంటు బిల్లులు, మెయింటెనెన్సు రసీదులు అడిగితే చూపిస్తారు, అంచనాలతో పని లేదు. తీసుకున్న నెలలోనే అద్దె ఆగిపోతుంది. నేనైతే ముందు వీటిని రెండు నెలలు వెతుకుతాను.

అయినా మనసు ఆ గ్రీన్ ఫ్లాట్ మీదే ఉంటే, ఇల్లు పడమటి అద్దాల గది కాకుంటే, పాత ప్రాజెక్టులో నీళ్ల పరిస్థితి బాగుంటే, అడుగుకు 6,700 దాకా వెళ్లండి. అప్పుడు మొత్తం 1.14 కోట్లలోపు తేలుతుంది, అప్పు 75 లక్షల దగ్గరే ఆగుతుంది, అయిదు లక్షలు చేతిలో ఉంటాయి. ఆ అయిదు లక్షలను డిపాజిట్‌లోనే ఉంచండి, ఇంటీరియర్స్‌కు వాడొద్దు. 6,700కు ఒప్పుకోకపోతే, వచ్చే వారం ధర పెరుగుతుందని భయపెడతారు. పెరగనివ్వండి, ఆ రోడ్డులో ఇంకో ప్రాజెక్టు ఎలాగూ ఉంది.