గేమ్ సీక్వెల్ నిరాశపరిచింది, డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మాది కాకినాడ. మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాను. స్కూలు రోజుల నుంచి తమ్ముడూ నేనూ ఒకే గేమ్ సిరీస్ ఆడుతూ పెరిగాం. టీవీ ముందు చాప వేసుకుని, తెరను రెండు సగాలు చేసుకుని ఆడేవాళ్లం. చాలా ఏళ్లకు సీక్వెల్ వస్తోందంటే ట్రైలర్ చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాను. ఆన్‌లైన్ స్టోర్‌లో రూ.6,999 కట్టి డీలక్స్ ఎడిషన్ ముందే బుక్ చేశాను. తమ్ముడి కోసం రెండో కంట్రోలర్ కూడా కొన్నాను. తీరా చూస్తే కథంతా నాశనం చేశారు. పాత హీరోను మొదటి గంటలోనే చంపేశారు. ట్రైలర్‌లో చూపించిన ఊరు గేమ్‌లో లేనే లేదు. ఇద్దరం ఒకే టీవీ మీద ఆడే మోడ్ కూడా లేదు. స్టోర్ పేజీలో అది ఉందనే రాశారు. అప్‌డేట్‌లో ఇస్తామన్నారు, పోయిన నెల ఇక ఇవ్వబోమని ప్రకటించారు. గేమ్ విడుదలై ఇరవై రెండు నెలలైంది. కస్టమర్ కేర్ నుంచి 'మీ అభిప్రాయానికి ధన్యవాదాలు' తప్ప జవాబు లేదు. ఆర్డర్ మెయిల్ కూడా డిలీట్ చేసేశాను. మనోవేదనకు ఐదు లక్షలు అడగొచ్చా? ఆ పేమెంట్ నేను చేయలేదని బ్యాంకుకు చెబితే డబ్బు వెనక్కి వస్తుందని ఫ్రెండ్ అంటున్నాడు. అలా చేయమంటారా?
- ఓ పాఠకుడు

జవాబు: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం కథ గురించి, హీరో చావు గురించి ఉంది. కేసుకు పనికొచ్చేది ఒక్క ముక్కే. ఇద్దరూ ఒకే టీవీ మీద ఆడే మోడ్ ఉందని స్టోర్ పేజీలో రాశారు, ఇవ్వలేదు. మీరు డబ్బు కట్టిన రోజున ఆ పేజీలో ఆ మాట ఉందని రుజువు చేయగలరా? చేయగలిగితే మీకు కేసు ఉంది. లేకపోతే లేదు. మిగతాదంతా ఫిర్యాదులోంచి తీసేయండి.

ఎందుకు తీసేయమంటున్నానో చెబుతాను. వినియోగదారుల పరిరక్షణ చట్టం, 2019 వస్తువులో లోపానికి, సేవలో లోపానికి, అనుచిత వ్యాపార పద్ధతికి పరిహారం ఇస్తుంది. కథ నచ్చకపోవడం ఈ మూడింటిలో దేని కిందకూ రాదు. హీరోను బతికించాలా చంపాలా అన్నది రాసేవాళ్ల ఇష్టం. ఇలాంటి కోపం మీకు ఒక్కరికే రాలేదు. 2012లో మాస్ ఎఫెక్ట్ 3 విడుదలైనప్పుడు దాని ముగింపు చూసి పాత అభిమానులు మండిపడ్డారు. ఒక అభిమాని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు ఫిర్యాదు కూడా పెట్టాడు. బ్రిటన్‌లో ప్రకటనలను పర్యవేక్షించే సంస్థ ఆ గేమ్ ప్రకటనలను పరిశీలించి, అవి తప్పుదోవ పట్టించేలా లేవని తేల్చింది. అభిమానుల ఒత్తిడికి కంపెనీ ఆ జూన్‌లో ముగింపును పెంచి ఉచితంగా ఇచ్చింది. అంటే వాళ్లకు దక్కిందేదో కంపెనీ తనంతట ఇచ్చింది, చట్టం ఇప్పించింది కాదు.

గేమ్ సరిగ్గా పనిచేయకపోతే సంగతి వేరు. 2020 డిసెంబర్‌లో సైబర్‌పంక్ 2077 పాత కన్సోళ్ల మీద నడవలేక ఆగిపోతుంటే, సోనీ దాన్ని తన స్టోర్ నుంచి తీసేసి రిఫండ్ ఇచ్చింది. కథ బాగుందా లేదా అని అక్కడ ఎవరూ అడగలేదు. మీ గేమ్ ఆగిపోతోందని మీరు ఎక్కడా రాయలేదు కాబట్టి ఆ దారి మీకు లేదు.

ఇక ట్రైలర్ సంగతి. చాలామంది ఇక్కడే బోర్లా పడతారు. 2016లో యశ్ రాజ్ ఫిల్మ్స్ తీసిన 'ఫ్యాన్' సినిమా ప్రచారంలో ఒక పాట చూపించారు. హాల్లో ఆ పాట లేదు. ఔరంగాబాద్‌కు చెందిన ఒక ఉపాధ్యాయురాలు కేసు వేశారు. జిల్లా వినియోగదారుల ఫోరం కొట్టేసింది. మహారాష్ట్ర రాష్ట్ర వినియోగదారుల కమిషన్ ఆమెకు రూ.10,000 పరిహారం, రూ.5,000 ఖర్చులు ఇప్పించింది. జాతీయ కమిషన్ దాన్నే ఖాయం చేసింది. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వులను రద్దు చేసింది. ట్రైలర్ అనేది ఏకపక్షంగా చేసుకునే ప్రచారమనీ, టికెట్ కొనడం దానితో సంబంధం లేని వేరే లావాదేవీ అనీ, ట్రైలర్‌లో ఉన్నదంతా సినిమాలో ఉండి తీరాలన్న ఒప్పందమేమీ ఏర్పడదనీ చెప్పింది. కళకు సంబంధించిన సేవల్లో తయారుచేసేవాళ్లకు స్వేచ్ఛ ఉంటుందని కూడా చెప్పింది. మీరు ఫిర్యాదులో 'ట్రైలర్‌లో చూపించిన ఊరు లేదు' అని రాశారంటే, ఎదుటి లాయరు మొదటి వాయిదాకే ఈ యశ్ రాజ్ ఫిల్మ్స్ తీర్పు పట్టుకుని వస్తాడు. ఆ ఒక్క వాక్యంతో మీ మంచి పాయింటు కూడా కొట్టుకుపోతుంది. ఫిర్యాదులో ట్రైలర్ అన్న మాటే రానివ్వకండి.

స్టోర్ పేజీకీ ట్రైలర్‌కూ తేడా ఉంది. ఎంతమంది ఆడొచ్చు, ఏ కన్సోల్ మీద నడుస్తుంది, ఎన్ని జీబీ కావాలి అన్న వివరాలు 'కొనండి' బటన్ పక్కనే ఉంటాయి. వాటిని చూసే డబ్బు కడతాం. వస్తువుకు లేని లక్షణం, లేని ఉపయోగం ఉన్నట్టు చెప్పి అమ్మడాన్ని సెక్షన్ 2(47) అనుచిత వ్యాపార పద్ధతి అంటోంది. మీరు నిలబడాల్సింది దాని మీద. 'మేం అమ్మింది లైసెన్సు మాత్రమే, వస్తువు కాదు' అని వాళ్లు వాదిస్తారు. ఇ-కామర్స్ నిర్వచనంలోనే డిజిటల్ ఉత్పత్తులను చేర్చారు కాబట్టి దానికి బెదరనక్కర్లేదు.

రుజువు దగ్గర మాత్రం మీరు చేసింది ఘోరం. ఏడు వేలు కట్టిన ఆర్డర్ మెయిల్‌ను డిలీట్ చేస్తారా? మోడ్ లేదని తెలిసిన రోజున ఆ పేజీని ఒక్క స్క్రీన్‌షాట్ తీయడానికి ఎంతసేపు పడుతుంది? మీరు పంపిన మెయిళ్ల కాపీలు చూశాను. హీరో గురించి పేజీలకు పేజీలు రాశారు, మోడ్ గురించి ఒక్క ముక్క లేదు. అలా రాస్తే వాళ్లు 'అభిప్రాయానికి ధన్యవాదాలు' అనే అంటారు, ఎందుకంటే మీరు రాసింది అభిప్రాయమే.

అయినా దారులు మూసుకుపోలేదు. ముందు స్టోర్ అకౌంట్‌లో కొనుగోళ్ల చరిత్ర తెరవండి, ఆర్డర్ నంబరు, తేదీ, ఇన్వాయిస్ అక్కడ దొరుకుతాయి. బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకోండి. స్టోర్ పేజీ ఇప్పటికే మారిపోయి ఉంటే, ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఆ నెల పాత కాపీ ఉందేమో వెతకండి. వీటన్నిటికంటే గట్టి సాక్ష్యం ఇంకొకటుంది. ఇదే గేమ్‌ను డిస్కు రూపంలో కొన్నవాళ్లు మీ స్నేహితుల్లో ఎవరైనా ఉన్నారా? ఆ డబ్బా వెనక అట్ట మీద, కింది భాగంలో చిన్న గళ్లలో ఎంతమంది ఆడొచ్చో అచ్చువేసి ఉంటుంది. అక్కడ '1-2' అని ఉంటే, వెబ్‌పేజీని మార్చినట్టు దాన్ని ఎవరూ మార్చలేరు. బిల్లుతో సహా ఫొటో తీసి, ఆ స్నేహితుడి చేత అఫిడవిట్ రాయించండి. అది వేరే ఎడిషన్ అని వాళ్లు అనవచ్చు. అందుకే దాన్ని పేజీ కాపీకి తోడుగా పెట్టాలి, ఒక్కదాన్నే నమ్ముకోకూడదు.

రెండో కంట్రోలర్ గురించి మీరు ప్రేమకొద్దీ రాశారు, నేను దాన్ని సాక్ష్యంగా చూస్తున్నాను. గేమ్ బుక్ చేసిన రోజుల్లోనే కంట్రోలర్ కొన్నట్టు బిల్లు ఉంటే, ఇద్దరు ఆడొచ్చన్న మాట నమ్మే మీరు డబ్బు పెట్టారని అది చెబుతుంది. ఆ బిల్లు వెతకండి. స్క్రీన్‌షాట్లు, మెయిళ్లు దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డులకు ఇవ్వాల్సిన సర్టిఫికెట్ జతచేయండి. కమిషన్‌లో విచారణ క్లుప్తంగా జరుగుతుంది, సాక్ష్యం విషయంలో సివిల్ కోర్టంత పట్టుదల ఉండదు. అయినా ఆ అభ్యంతరానికి చోటు ఇవ్వకూడదు.

అన్నిటికంటే నాకు టెన్షన్ పెడుతున్నది తేదీ. వినియోగదారుల చట్టం సెక్షన్ 69 ప్రకారం వివాదానికి కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు దాఖలు కావాలి. మోడ్ లేదని మీకు విడుదల రోజునే తెలిసింది. ఎదుటి లాయరు ఆ రోజు నుంచే లెక్కపెడతాడు. పోయిన నెల 'ఇవ్వబోం' అని ప్రకటించారు కాబట్టి అప్పటి నుంచి లెక్కించాలని మనం వాదించవచ్చు, 'అప్‌డేట్‌లో ఇస్తాం' అన్న వాళ్ల మాట రాతలో ఉంటే ఆ వాదనకు బలం కూడా ఉంటుంది. కానీ చేతిలో రెండు నెలలు ఉండగా ఆ వాదన మీద ఆధారపడటం తెలివితక్కువ పని. ఇంకో అపోహ కూడా వదిలేయండి. మెయిళ్లు రాస్తూ ఉన్నంత మాత్రాన, లాయరు నోటీసు పంపినంత మాత్రాన గడువు పెరగదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది, తగిన కారణం చూపించాలి. అప్‌డేట్ కోసం ఎదురుచూశానంటే ఒప్పుకుంటారన్న హామీ నేనివ్వలేను.

బ్యాంకు సలహా ఇచ్చిన స్నేహితుడి మాట ససేమిరా వినకండి. ఆ పేమెంట్‌కు ఓటీపీ మీ ఫోన్‌కు వచ్చింది, దాన్ని నొక్కింది మీరు. ఆ గేమ్ మీ అకౌంట్‌లో ఎన్ని గంటలు నడిచిందో కంపెనీ సర్వర్‌లో ఉంది. తెలిసి తెలిసి 'నేను చేయలేదు' అని చెప్పి డబ్బు రాబట్టుకోవడం మోసం. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద కేసు మీ మీదే పడుతుంది. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి అదే మాట చెబితే పోలీసులకు తప్పుడు సమాచారం ఇచ్చిన నేరం కూడా తోడవుతుంది. స్టోర్ మీ అకౌంట్‌ను మూసేస్తే ఇన్నేళ్లలో కొన్న గేములన్నీ పోతాయి. అసలు నష్టం ఇంకొకటి. 'కొన్నాను, మోసపోయాను' అన్నది మీ కేసు. 'నేను కొననే లేదు' అని బ్యాంకు రికార్డులో ఒక్కసారి పడితే, ఏ లాయరూ మిమ్మల్ని బయటపడేయలేడు.

అయిదు లక్షల మాట మరిచిపోండి. అభిమానికి కలిగిన బాధకు వెల కట్టమని అడిగితే ఫిర్యాదు బరువు తగ్గిపోతుంది. కట్టిన రూ.6,999, దానిపై వడ్డీ, కంట్రోలర్ ధర, మానసిక వేదనకు ఒక సబబైన మొత్తం, ఖర్చులు అడగండి. గేమ్ ఎన్నో గంటలు ఆడారు కాబట్టి ధరలో కొంత భాగమే ఇప్పించవచ్చు, దానికి సిద్ధంగా ఉండండి. 'ఆట పనికిరాదు' అని మాత్రం ఎక్కడా రాయకండి, ఆడిన గంటల లెక్క వెంటనే ముందు పెడతారు.

ఈ వారమే స్టోర్ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు ఒక పేజీ ఫిర్యాదు పంపండి. పేజీలో ఏం రాశారు, ఏం ఇవ్వలేదు, ఎంత కావాలి, ఇంతే. 2020 ఇ-కామర్స్ నియమాల ప్రకారం 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. భారత్‌లో వినియోగదారులకు క్రమంగా అమ్మే విదేశీ సంస్థలకూ ఈ నియమాలు వర్తిస్తాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో కూడా నమోదు చేయండి, చిన్న మొత్తాలు చాలాసార్లు అక్కడే తేలిపోతాయి. నెల ఆగి, జవాబు రాకపోతే ఆ మర్నాడే ఫిర్యాదు దాఖలు చేయాలి, ఇంకో రోజు ఆగొద్దు. అందుకని కాగితాలు ఇప్పుడే సిద్ధం చేసుకోండి.

నివాసం ఉన్నచోటా, పనిచేసే చోటా దాఖలు చేసుకునే హక్కు వినియోగదారుల చట్టం సెక్షన్ 34 ఇస్తోంది. మీ ఉద్యోగం మాదాపూర్‌లో కాబట్టి రంగారెడ్డి జిల్లా కమిషన్‌కు వెళ్లడం సులువు. ఆన్‌లైన్‌లో ఇ-జాగృతి పోర్టల్ ద్వారా కూడా వేయవచ్చు. చెల్లించిన ధర అయిదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. వివాదాలు విదేశంలో మధ్యవర్తి ముందే తేల్చుకోవాలని షరతుల్లో ఉన్నా, మధ్యవర్తిత్వ నిబంధన వినియోగదారుల ఫిర్యాదుకు అడ్డు కాదని 2018లో ఎమార్ ఎంజీఎఫ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రతివాదిగా ఎవరిని చేర్చాలో ఇన్వాయిస్ చూసి తేల్చాలి. అందులో భారతీయ సంస్థ పేరు ఉంటే మొదట దాన్ని చేర్చండి. విదేశీ కంపెనీ ఒక్కదాన్నే పెట్టుకుంటే గెలిచాక కూడా డబ్బు వసూలు చేయడం కష్టం. ఇన్వాయిస్, బ్యాంకు స్టేట్‌మెంట్, పేజీ పాత కాపీ, కంట్రోలర్ బిల్లు తీసుకుని ఈ శనివారంలోపు దగ్గరలో ఉన్న న్యాయవాదిని కలవండి.