వెనక బ్లర్ చూసి లెన్సు కొంటున్నారా?

ప్రశ్న (బొబ్బిలి నుంచి): లైకా ఎం6 (ఫిల్మ్ రేంజ్‌ఫైండర్ కెమెరా) వాడుతున్నాను. గొల్లపల్లిలో వీణలు చేసేవారిని సాయంత్రం వెలుగులో, ఫ్లాష్ లేకుండా తీయాలి. జైస్ సి సోనార్ 50 ఎఫ్ 1.5, వొయిగ్ట్‌లాండర్ నోక్టన్ 50 ఎఫ్ 1.5, నోక్టన్ 50 ఎఫ్ 1.1... మూడింటిలో ఏది కొనమంటారు? నెట్‌లో ఫోటోలు చూసి తేల్చుకోలేకపోతున్నాను.

జవాబు: ఆ ఫోటోలతో తేలదు లెండి. (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత పెద్దగా తెరుచుకుంటుంది, వెలుగు అంత ఎక్కువ.) ఒకటి ఫిల్మ్ మీద తీసింది, ఇంకోటి డిజిటల్, మూడోది కాంట్రాస్ట్ పెంచి పెట్టింది. అందులో లెన్సు వాటా ఎంతో ఎవరు చెప్పగలరు?

సోనార్ డిజైన్ 1930ల నాటిది, లుడ్విగ్ బెర్టెలే చేసింది. లెన్సులకు కోటింగ్ (ప్రతిఫలనాలు తగ్గించే పూత) ఇంకా రాని రోజులు. గాజుకీ గాలికీ మధ్య ఉపరితలాలు తగ్గితే ఫ్లేర్ (లోపల చెదిరి ఫోటోని వెలవెలబార్చే వెలుగు) తగ్గుతుందని ఎలిమెంట్లను, అంటే లోపలి గాజు ముక్కలను, ఒకదానికొకటి అతికించేశాడు. ఇప్పటి సి సోనార్‌లోనూ ఆరు ఎలిమెంట్లు నాలుగే గ్రూపులుగా ఉంటాయి. స్ఫెరికల్ అబరేషన్‌ని (లెన్సు అంచుల కిరణాలు, మధ్య కిరణాలు ఒకేచోట కలవకపోవడం) ఇందులో కావాలనే కొంత వదిలేశారు. అందుకే పూర్తిగా తెరిచి తీస్తే కనురెప్పల వెంట్రుకలు తెలుస్తూనే చర్మం మీద పలచటి మెరుపు పరుచుకుంటుంది, వెనకనున్నవి అంచుల్లేకుండా కరిగిపోతాయి. అయితే వెనక ఎంత మెత్తన వస్తే ముందు అంత గరుకు వస్తుంది. వీణ కుండ కెమెరా వైపు పెట్టి, దాని మీదుగా పనివాడి ముఖానికి ఫోకస్ చేశారనుకోండి, కుండ అంచు ఒక గీతగా కాక రెండు గీతలుగా పడుతుంది. బిరడాలదీ అదే వరస. ముందు అడ్డమేదీ లేని చోటు చూసుకుని నిలబడాలి.

నోక్టన్ 1.5లో ఆ దోషాన్ని తగ్గించే ఆస్ఫెరికల్ ఎలిమెంట్ (గోళాకారం కాని వంపున్న గాజు) ఉంది. పూర్తిగా తెరిచినా కాంట్రాస్ట్ నిలబడుతుంది, ఫ్రేము మూలల్లో బల్బులు రెక్కలు విప్పినట్టు సాగడం తక్కువ. పనసచెక్క ఈనెలు, ఉలి పడిన జాడ, చేతి మీద అంటిన పొట్టు ఇందులో స్పష్టంగా వస్తాయి. వెనక బల్బులకు మాత్రం అంచు కాస్త గీసినట్టుంటుంది. ఎం మౌంట్ (లైకా ఎం కెమెరాలకు నేరుగా బిగేది) నోక్టన్ 0.7 మీటర్ల దాకా దగ్గరికి వెళ్తుంది. సోనార్ 0.9 దగ్గరే ఆగిపోతుంది. చేతులు తీసేవారికి ఈ 20 సెంటీమీటర్లు చిన్న తేడా కాదు.

ఎఫ్ 1.1 సంగతికొస్తే, 1.5 కన్నా అదనంగా వచ్చే వెలుగు ఒక స్టాపుకి (అంటే రెట్టింపుకి) కాస్త తక్కువే. మీటరు దూరంలో పదును ఉండే లోతు మాత్రం దాదాపు 3.5 సెంటీమీటర్ల నుంచి 2.5కి పడిపోతుంది. బరువు 428 గ్రాములు, మీటరు కన్నా దగ్గరికి వెళ్లదు. ఆ ఒక్క స్టాపు కోసమైతే 400 ఫిల్మ్‌ని 800కి పుష్ చేయించుకోవడం (800 అనుకుని తీసి, ఎక్కువసేపు డెవలప్ చేయించడం) చవక. మీ పనికి నా ఓటు నోక్టన్ 1.5కే. ముఖాలే ముఖ్యం అనుకుంటే సోనార్.

ప్రశ్న (విజయనగరం నుంచి): పాత సి సోనార్ కొన్నాను. ఎఫ్ 1.5లో కన్ను పదునుగా వస్తోంది. ఎఫ్ 2.8 పెడితే చెవి పదును, కన్ను మసక. బాడీలో రేంజ్‌ఫైండర్ (దూరం కొలిచి ఫోకస్ చూపే భాగం) తప్పిందని, విప్పాలని మెకానిక్ అంటున్నారు. విప్పించనా?

జవాబు: అప్పుడే వద్దు. రేంజ్‌ఫైండర్ తప్పితే అన్ని అపెర్చర్లలోనూ (లెన్సు తెరిచే ఎఫ్ అంకెల్లోనూ), అన్ని లెన్సులతోనూ ఒకే వైపుకి తప్పుతుంది. అపెర్చర్ మారినప్పుడే తప్పుతోందంటే అది ఫోకస్ షిఫ్ట్. పైన చెప్పిన స్ఫెరికల్ అబరేషన్ పనే ఇది. అపెర్చర్ మూస్తే అంచుల నుంచి వచ్చే కిరణాలు ఆగిపోయి, ఫోకస్ తలం వెనక్కి జరుగుతుంది. ఎస్ఎల్ఆర్ కెమెరాలోనైతే లెన్సు గుండానే చూస్తాం గనక కొంతైనా కనిపెట్టొచ్చు. రేంజ్‌ఫైండర్‌కి లెన్సులో ఏం జరుగుతోందో తెలియదు.

ఇంట్లోనే తేల్చుకోవచ్చు. బల్ల మీద ఏడు అగ్గిపెట్టెలు ఏటవాలు వరసలో పెట్టండి, ఒక్కోటీ ముందుదాని కన్నా 2 సెంటీమీటర్లు వెనకగా. కెమెరా స్టాండు మీద, మధ్య పెట్టె నుంచి మీటరు దూరంలో ఉండాలి. మధ్య పెట్టె అక్షరాల మీద ఫోకస్ చేసి 1.5, 2, 2.8, 4, 5.6లలో ఒక్కో ఫ్రేము తీయండి. ఫోకస్ రింగును ప్రతిసారీ ఇన్ఫినిటీ వైపు నుంచే తిప్పుకు రావాలి, లేకపోతే గేర్ల వదులు కూడా లెక్కలో కలుస్తుంది. 1.5లో మధ్య పెట్టె, 2.8లో దాని వెనక పెట్టె పదునుగా వస్తే మీ లెన్సును 1.5కి సరిచేసి ఉంచారని అర్థం. 1.5లోనే ముందు పెట్టె పదునుగా వచ్చి, 2.8లో మధ్యది సరిపోతే 2.8కి సరిచేసిన లెన్సు. సి సోనార్లు రెండు రకాలుగానూ దొరుకుతాయి.

మీది మొదటి రకంలాగే ఉంది. 2.8, 4లలో దగ్గర్నుంచి తీసేటప్పుడు కంటికి ఫోకస్ చేసి, పరీక్షలో తేలినంత మేర (సాధారణంగా రెండు మూడు సెంటీమీటర్లు) ఒళ్లు వెనక్కి వాల్చి నొక్కండి. 5.6లో పదును లోతు మీటరు దూరానికే 12 సెంటీమీటర్లు దాటుతుంది, తేడా అందులో కలిసిపోతుంది. సిరిమాను ఊరేగింపు లాంటివి పది మీటర్ల అవతల నుంచి తీస్తే ఈ గొడవే ఉండదు.

ప్రశ్న (శ్రీకాకుళం నుంచి): కళింగపట్నం బీచిలో సూర్యోదయం తీశాక, లైకా ఎం3లో ప్రతి ఫ్రేముకీ ఒకేచోట తెల్లచుక్క పడుతోంది. లెన్సులో ఫంగసా?

జవాబు: ఫంగస్ అలా చుక్కలా కనిపించదండి, మొత్తం ఫోటోనే మసకబారుస్తుంది. షట్టరు గుడ్డ (ఫిల్మ్ ముందు వెలుగుని ఆపే తెర) కాలి ఉంటుంది. ఎస్ఎల్ఆర్‌లోలాగా రేంజ్‌ఫైండర్‌లో అద్దం అడ్డు ఉండదు. ఎఫ్ 1.4 లెన్సు తెరిచి ఇన్ఫినిటీలో పెట్టి సూర్యుడి వైపు ఉంచితే భూతద్దం పెట్టినట్టే, కొన్ని సెకన్లు చాలు.

ఫిల్మ్, లెన్సు తీసేసి, కింది మూత విప్పి వెనక తలుపు ఎత్తండి. చీకటి గదిలో ముందు నుంచి ఫోన్ లైటు వేసి వెనక నుంచి చూడండి. షట్టరు ఎక్కించి ఒకసారి, వదిలాక ఒకసారి చూస్తే రెండు తెరలూ చూసినట్టవుతుంది. సూదిమొన చుక్కలైతే మెకానిక్ నల్ల రబ్బరు ద్రావణం పూసి మూయగలరు. గుడ్డ గట్టిపడి బొబ్బలెత్తి ఉంటే తెర మార్పించక తప్పదు. పని అయ్యేదాకా ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య లెన్సు మూత వేసి ఉంచితే చుక్క చాలావరకు పడదు. ఇకపై బీచిలో మెడలో వేలాడేసుకున్నప్పుడు మూత పెట్టుకోండి. పెట్టలేకపోతే ఎఫ్ 16కి మూసి, ఫోకస్‌ని మీటరు దగ్గరకి తిప్పి ఉంచండి.