కారు రంగుపై సన్నని గీతలు

ప్రశ్న: మాది ఎర్రగుంట్ల. నల్లరంగు కారును రోజూ పొడిగుడ్డతో తుడిపిస్తున్నా, ఎండలో చూస్తే సాలెగూడు వంటి సన్నని గీతలు కనిపిస్తున్నాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, కడప జిల్లా

జవాబు: ఆ పొడిగుడ్డను ఈరోజే మానిపించండి. రంగును కాపాడే పారదర్శకమైన పైపూత (క్లియర్ కోట్) మందం సాధారణంగా 40 నుంచి 50 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మాత్రమే కాబట్టి, దుమ్ములోని ఇసుక రేణువులు గుడ్డ కింద నలిగినప్పుడల్లా దానిమీద గీత పడుతుంది. నలుపుపై అది మరింత కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది.

కారును నీడలో నిలిపి, బానెట్ చల్లారాక, ముందుగా ధారాళంగా నీళ్లు పోసి దుమ్మును జారిపోనివ్వాలి. తరువాత ఒక బకెట్లో కారు షాంపూ, మరో బకెట్లో వట్టి నీళ్లు పెట్టుకొని, ఒక్కో భాగం తుడిచిన వెంటనే మైక్రోఫైబర్ గుడ్డను వట్టి నీళ్లలో జాడించి, ఆపైనే షాంపూలో ముంచాలి. పైకప్పుతో మొదలుపెట్టి, చక్రాల దగ్గరి మురికి భాగాన్ని చివరికి ఉంచండి. గిన్నెలు తోమే సబ్బు వద్దు, అది వ్యాక్స్ పూతను కడిగేస్తుంది.

సున్నం ఎక్కువగా ఉన్న బోరునీళ్లు కారు మీదే ఆరితే తెల్లటి మచ్చలు మిగులుతాయి గనుక, తడి ఆరకముందే శుభ్రమైన తువ్వాలుతో తడిని అద్ది తీయాలే తప్ప రుద్దకూడదు. సిమెంటు దుమ్ము పడితే మంచు తగలకముందే కడిగించండి, తడికి అది గట్టిపడి పట్టుకుంటుంది. రెండు మూడు నెలలకోసారి వ్యాక్స్ వేయిస్తే మంచిది. పడిన గీతలను పాలిష్ తగ్గిస్తుంది కానీ, అదీ క్లియర్ కోట్‌ను కొంత అరగదీసేదే కనుక తరచుగా చేయించవద్దు.