ఒప్పందాల పాఠం గురించి రాసేటప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

కెనడా బడుల్లో ఆదివాసుల చరిత్ర అందరికీ ఎందుకు చెప్పాలన్న నీ వ్యాసం చిత్తుప్రతి చదివాను. మొదటి సగమంతా జాలే. ఆదివాసి పిల్లల్ని ఇంటికి, తమ భాషకు దూరం చేయడానికి పెట్టిన రెసిడెన్షియల్ స్కూళ్లలోకి 1,50,000 మందికి పైగా పిల్లల్ని చేర్చిన సంగతి రాయాల్సిందే. కానీ అక్కడే ఆగితే చదివేవాళ్లు అయ్యో అనుకుని పేజీ తిప్పేస్తారు. 'మా పిల్లలకెందుకిది?' అన్న ప్రశ్న అలాగే ఉండిపోతుంది.

జవాబు భూమి గురించీ హక్కుల గురించీ ఆదివాసులతో కుదిరిన ఒప్పందాల్లో వెతుకు. వాటికి రెండు పక్షాలున్నాయి. ఒకటి ఫస్ట్ నేషన్స్, అంటే అక్కడి ఆదివాసి జాతులు. రెండోది బ్రిటిష్ రాజరికం. దాని తరఫున ఆ భూమిని అనుభవిస్తున్నది ఇవాళ అక్కడున్న వాళ్లందరూ, నిన్నగాక మొన్న వెళ్లిన మన తెలుగువాళ్లతో సహా. 2021లో మార్చిన పౌరసత్వ ప్రమాణంలో ఆదివాసుల ఒప్పంద హక్కుల ప్రస్తావన ఉంది. అమ్మానాన్నలు ప్రమాణం చేసి వచ్చారు. అందులో ఏముందో పిల్లలకు చెప్పాల్సింది బడే. వ్యాసం ఇక్కణ్ణుంచి ఎత్తుకో.

దేశమంతటినీ ఒక్క వ్యాసంలో ఇరికించకు. 1871-1921 మధ్య కుదిరిన, వరస నంబర్లతో పిలిచే ఒప్పందాలే 11. ఒక ఊరు తీసుకో. ఎడ్మంటన్ అనుకో, దానికి వర్తించేది 1876 నాటి 6వ ఒప్పందం. షరతులు నువ్వే చదువు: ఐదుగురి కుటుంబానికి ఒక చదరపు మైలు లెక్కన రిజర్వు (ఆదివాసులకు కేటాయించిన) భూమి, మనిషికి ఏటా 5 డాలర్లు, రిజర్వులో బడి, ఇండియన్ ఏజెంటు (ఆదివాసుల వ్యవహారాలు చూసే ప్రభుత్వ అధికారి) ఇంట్లో మందుల పెట్టె. ఆ పెట్టెను వైద్యానికిచ్చిన హామీగానే ఫస్ట్ నేషన్స్ ఇప్పటికీ చెబుతాయి. కాగితం మీద భూమిని పూర్తిగా వదులుకున్నట్టుంది. పెద్దలు నోటిమాటగా అందించిన చరిత్రలో మాత్రం ఇచ్చింది నాగలి దిగినంత మట్టే, అదీ పంచుకోవడానికే. తరగతిలో ఈ రెండూ పక్కపక్కన పెట్టాలి. కాగితం ఒక్కటే చదివిస్తే ఒక పక్షం వాదనే పాఠమైపోతుంది. మీ దగ్గర్లోని ఫస్ట్ నేషన్ పెద్దల్ని తరగతికి పిలవాలనడం అందుకే, అలంకారానికి కాదు.

మాట తప్పితే ఏమవుతుందో లెక్కల్లో చూపించు. ఒంటారియోలో కుదిరిన 1850 నాటి రాబిన్సన్ ఒప్పందాల ప్రకారం భూమి మీద రాబడి పెరిగితే ఆదివాసులకిచ్చే వార్షిక భత్యం పెరగాలి. అది 1875 నుంచి మనిషికి 4 డాలర్ల దగ్గరే ఉండిపోయింది. రాజ్యం మాట తప్పిందని 2024లో సుప్రీంకోర్టు తేల్చింది. (ఇది లెక్కల మాస్టారు కూడా చెప్పదగ్గ పాఠం.) మిక్‌మా అనే ఆదివాసి జాతికి చెందిన డొనాల్డ్ మార్షల్ కేసు కూడా వాడుకో. 463 పౌన్ల ఈల్ చేపలు అమ్మాడని కేసు పెడితే, 1760-61 ఒప్పందాల బలంతో 1999లో గెలిచాడు. ఆ తీర్పు తర్వాత ఆదివాసులు కాని జాలర్లు మిక్‌మా జాలర్ల వలబోనులు ధ్వంసం చేశారు. ఆ హక్కు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియని జనానికి అది ప్రత్యేక రాయితీలా కనిపించింది. నీ వాదనకు ఇంతకంటే గట్టి సాక్ష్యం దొరకదు.

కోరేది కచ్చితంగా కోరు. 'అవగాహన పెంచాలి' అంటే ఎవరికీ ఏ పనీ పడదు. రెసిడెన్షియల్ స్కూళ్ల మీద విచారణ జరిపిన సత్యం, సయోధ్యల కమిషన్ 2015లో ఇచ్చిన 94 పిలుపుల్లో 62వది కిండర్‌గార్టెన్ నుంచి 12 దాకా ఈ పాఠాన్ని తప్పనిసరి చేయమంటుంది. టీచర్ల శిక్షణకు డబ్బు కూడా అడుగుతుంది. ఆ రెండో సగాన్ని వదిలేయకు. శిక్షణ లేని టీచరు, రెసిడెన్షియల్ స్కూళ్ల బాధితుల్ని తలచుకునే సెప్టెంబరు 30న పిల్లలకు నారింజరంగు చొక్కాలు తొడిగించి సరిపెట్టేస్తారు. సస్కాచెవాన్ రాష్ట్రం 2007లోనే ఒప్పందాల పాఠం తప్పనిసరి చేసింది, ఆ ఉదాహరణ ఇవ్వు.

మన ఏజెన్సీలోని 1/70 చట్టంతో పోలుస్తూ రాసిన పేరా తీసెయ్. అది ప్రభుత్వం చేసిన చట్టం, ఇవి రెండు పక్షాలు కుదుర్చుకున్నవి. ఆ తేడా చెరిగిపోతే నీ వాదనకు ఆధారమే ఉండదు.

ఉంటాను.

తా.క. ఎడ్మంటన్ బదులు సర్రే గురించి రాస్తానంటే వ్యాసం మొత్తం మారుతుంది. సర్రే ఉన్న బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో చాలా భాగానికి ఒప్పందమే జరగలేదు. అది లేకుండానే ఊళ్లెలా లేచాయో అక్కడి పిల్లలకు చెప్పాలి.