ఖాళీ గడిలో దొరను కూర్చోబెట్టకు

అమ్మాయ్,

మీ పూర్వీకుల మీద నువ్వు రాసి పంపిన ముప్పై రెండు పేజీలూ చదివాను. నిన్న మధ్యాహ్నం కరెంటు పోతే వీధరుగు మీద కూర్చుని మొదలుపెట్టి, చివరికొచ్చేసరికి ఒళ్లు మండి పక్కన పడేసి, రాత్రి మళ్లీ తీశాను. ఒళ్లు మండింది ఆఖరి అధ్యాయానికి. మళ్లీ తీసింది పదకొండో పేజీలో ఒక్క వాక్యం కోసం. దాని సంగతి తర్వాత, ముందు తిట్టనివ్వు.

మీ తాతగారి తాత దేవదానం. సంఘం రిజిస్టర్లో 1894లో బాప్తిస్మం, వయసు 20, తండ్రి పేరు గడి ఖాళీ. నీ చేతిలో ఉన్నది ఇంతే. దేవదానం అంటే దేవుడిచ్చినవాడు కాబట్టి తండ్రి లేనివాడన్నావు, మీ ఇంట్లో ఇద్దరికి పిల్లికళ్లు కాబట్టి ఆ తండ్రి తెల్లదొరన్నావు, దొర కాబట్టి ధవళేశ్వరం ఆనకట్ట కట్టినవాళ్లలో ఒకడన్నావు. ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి అయిపోయింది తల్లీ. 1894లో ఇరవయ్యేళ్లవాడు పుట్టింది 1874 ప్రాంతంలో. నీ దొర ఆ ఇరవై రెండేళ్లూ లాకుల దగ్గర ఏం చేస్తున్నట్టు? పైగా ఆ ఇరవైని కూడా మరీ నమ్మకు. పుట్టిన తేదీ ఎవరికీ తెలియని రోజుల్లో సంఘంలో బోధించే ఉపదేశి మొహం చూసి ఇరవై, పాతిక, ముప్పై అని రాసేసేవాడు. అదే పేజీలో ఇరవై మూడు, ఇరవై ఏడు ఎన్నున్నాయో లెక్కపెట్టి చూడు.

గడి ఖాళీగా ఉంటే తండ్రి లేడని కాదు, రాసేవాడు అడగలేదని కూడా కావచ్చు. మీది నరసాపురం వైపు. 1836లో ఇంగ్లండునుంచి మత ప్రచారానికి వచ్చిన బౌడెన్, బీర్ దంపతుల మిషను తాలూకు సంఘాల్లో పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు, పెద్దయ్యి తనంతట తాను ఒప్పుకున్నవాడికే. నీళ్లలో దిగేవాడు నమ్మాడా లేదా అన్నదే అక్కడ లెక్క, ఎవరి కొడుకైతే వాళ్లకేం? అదే రాజమండ్రి వైపు లూథరన్ మిషను వాళ్ల దగ్గరైతే పసివాడిని తల్లీతండ్రీ ఎత్తుకొస్తారు, వాళ్ల పేర్లూ పడతాయి. ఏ సంఘం పుస్తకమో చూడకుండా ఖాళీకి అర్థం చెప్పేస్తే ఎలా?

నలభై ఏళ్లుగా నేను అందరితో దెబ్బలాడుతున్నది దీని గురించే. తెలియని చోట తెలియదని వదిలెయ్. పూర్వీకుల మీద రాసేవాళ్లకి ఈమధ్య ఒక జబ్బు పట్టింది, ఎవరి తాతని తవ్వినా జమీందారో దొరో దివానో బయటపడతాడు. కూలికి పుట్టినవాడు డెల్టాలో ఒక్కడూ లేడు. మరి ఈ కాలవలన్నీ ఎవరు తవ్వారో!

నేనూ చేశాలే ఆ వెధవపని. మా నాయనమ్మ తండ్రి ఎక్కడినుంచో వలసొచ్చాడని మాత్రం తెలుసు. 1876 ధాత కరువులో నెల్లూరు వైపునుంచి నడిచొచ్చాడని కథ అల్లాను. దారిలో చచ్చిన ఎద్దు, చంకలో పిల్ల, అన్నీ పెట్టాను. వారపత్రికలో వచ్చింది, మెచ్చుకుంటూ ఉత్తరాలు కూడా వచ్చాయి. మా మేనత్త చదివించుకుని విని, నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "కరువూ లేదు గాడిదగుడ్డూ లేదురా, వశిష్ఠ గోదావరి అవతలొడ్డున కల్లు బాకీ పడి రాత్రికి రాత్రి పడవెక్కేశాడు" అంది. ఆ కల్లు బాకీ కథ రాసి పంపితే అదే ఎడిటరు "ఔన్నత్యం లోపించింది" అని తిప్పి కొట్టాడు. ఆ చీటీ ఇప్పటికీ బీరువాలో ఉంది. ఇంకో ఆయనైతే నా నవల్లో పేర్ల వరసలన్నీ ఎర్రసిరాతో కొట్టేసి "పేర్లెవరు చదువుతారండీ" అన్నాడు. ఆయన కొట్టేసిన పేర్లలోనే ఉంది కథంతా.

ఇప్పుడు పదకొండో పేజీ. మీ తాతగారి నాయనమ్మ, అంటే దేవదానం భార్య, పెద్దకొడుకుని ఏనాడూ పేరుపెట్టి పిలవలేదట, చచ్చేదాకా "పెద్దోడా" అనేనట, చిన్నకొడుకుని మాత్రం వీధి చివరికి వినబడేలా "సామేలూ" అని కేకేసేదట. ఇంత మంచి మాట రాసి, పెద్దవాడంటే ప్రేమ ఎక్కువ అని ఒక ముక్క తగిలించి ముందుకెళ్లిపోయావు. ప్రేమేంటి నా బొంద! మొదటి మగపిల్లాడికి నాన్నవైపు తాత పేరు పెడతారు. కోడలు మావగారి పేరు నోటితో అనదు. ఇక కన్నకొడుకుని ఏమని పిలుస్తుంది? మా అమ్మ మా అన్నయ్యని జీవితమంతా "నాన్నా" అంది. రేషను షాపులో వాడి పేరు అడిగితే నన్ను ముందుకు తోసి "వీడు చెబుతాడు" అనేది. ఈ నోటి కట్టుబాటు మతం మారితే పోయేది కాదు.

ఆ పెద్దోడు, అంటే మీ ముత్తాత, సంఘంలో ఇస్సాకు, పొలం కాగితాల్లో పుల్లయ్య అని నువ్వే రాశావు. ఆవిడ మింగేసిన పేరు పుల్లయ్య అయ్యుండొచ్చు. తెలియని పేరుని ఎవరూ మింగరు కదా, మావగారెవరో, అంటే దేవదానం తండ్రెవరో, ఆవిడకి తెలుసన్నమాట. కానీ తొందరపడకు. ముందు పుట్టినవాళ్లు దక్కకపోతే తర్వాతి పసివాణ్ని ఎంగిలి విస్తరాకులో, అంటే పుల్లాకులో, దొర్లించి పుల్లయ్య అనడం, పెంట మీద పడుకోబెట్టి పెంటయ్య అనడం కూడా ఉంది. కాబట్టి సమాధుల పుస్తకంలో అతనికి ముందు పోయిన పసిపిల్లలున్నారేమో చూడు. పెళ్లిళ్ల పుస్తకం అసలు తెరవనే లేదు నువ్వు. 1872 క్రైస్తవ వివాహ చట్టం నమూనాలో పెళ్లికొడుకు తండ్రి పేరుకి గడి ఉంటుంది. అదీ ఖాళీయే అయితే, ఖాళీ అని రాయి.

రిజిస్టరు అడిగితే సంఘ పెద్ద మొహం మాడ్చుకున్నాడని పేజీన్నర ఎగతాళి చేశావు. కొట్టెయ్ అదంతా. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకుంటే ఎస్సీ హోదా ఉండదు, మన రాష్ట్రంలో బీసీ-సీ, అంటే వెనకబడిన తరగతుల్లో సీ గ్రూపు కింద లెక్క. కుల సర్టిఫికెట్లో ఒక పేరు, గుడిలో ఒక పేరుతో బతికే ఇళ్లు ఎన్నో. ఆ పుస్తకంలో ఒక్క వరస బయటికొస్తే ఎవరి ఉద్యోగం ఊడుతుందోనని ఆయన భయం. నాకూ రెండుసార్లు లేదన్నారు. మూడోసారి పెన్నూ కాగితం ఇంట్లో వదిలేసి వెళ్లాను. అప్పుడు తీశారు బీరువా. 1986 వరదలో తడిసి పేజీలు అట్టలా అతుక్కుపోయాయి. పెద్దాయనే చీపురులోంచి కొబ్బరి ఈనె ఒకటి లాగి, ఒక్కో పేజీ కిందికి పోనిచ్చి లేపుతూ కూర్చున్నాడు, టీ చల్లారిపోయేదాకా. మా నాయనమ్మ పేరు ఇంగ్లీషు స్పెల్లింగులో పడి ఇంకెవరి పేరో అన్నట్టుంది, పక్కన మా ఊరి పేరు లేకపోతే దాటేసేవాణ్ని.

నీ పుస్తకం ఎవరు అచ్చు వేస్తారని అడిగావు. ఆ మాట ఎత్తితే నాకు బీపీ.

పెళ్లిళ్ల పుస్తకం చూశాక ఫోన్ చెయ్. సాయంత్రం చెయ్, పొద్దున్నపూట మా మనవడు ఫోన్ పట్టుకుపోతాడు.