తోట తాకట్టా, ప్లాట్ అమ్మకమా? పాప ఎంఎస్‌కు ఎంత అప్పు చేయొచ్చు?

ప్రశ్న: నేను చిత్తూరు దగ్గర పూతలపట్టు మండలంలో ప్రభుత్వ హైస్కూల్ టీచర్ని. వయసు 51. కటింగులు పోను చేతికి 78 వేలు వస్తుంది. మూడెకరాల తోతాపురి మామిడి తోట ఉంది. తిరుపతిలో కరకంబాడి రోడ్డు వైపు ఉన్న ప్లాట్ 30 లక్షలు పలుకుతుందంటున్నారు. ఎఫ్‌డీ 10 లక్షలు, జీపీఎఫ్‌లో 14 లక్షలు ఉన్నాయి. మా పాప తిరుపతిలో బీటెక్ సీఎస్‌ఈ చివరి సంవత్సరం. క్యాంపస్‌లో ఏడాదికి 5 లక్షల ఉద్యోగం వచ్చింది, కానీ అమెరికాలో ఎంఎస్ చేస్తానంటోంది. కన్సల్టెన్సీ వాళ్ళు మొత్తం 46 లక్షలవుతుందని, పది యూనివర్సిటీలకు అప్లై చేద్దామని అన్నారు. తోట మీద లోన్ తీసుకోవాలా, ప్లాట్ అమ్మేయాలా? జర్మనీలో ఫీజే ఉండదంటున్నారు, నిజమేనా? ఇంటర్ చదివే బాబు కూడా ఉన్నాడు. వాడికి ప్రైవేట్ యూనివర్సిటీలో సీటు అంటే మళ్ళీ ఎక్కడ తేవాలో అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: సార్, ముందు తోట సంగతి. విద్యారుణానికి వ్యవసాయ భూమిని బ్యాంకులు సాధారణంగా తాకట్టుగా తీసుకోవు. బాకీ పడితే కోర్టుకు వెళ్ళకుండానే ఆస్తిని స్వాధీనం చేసుకునే వీలు బ్యాంకులకు సర్ఫేసీ చట్టం కల్పిస్తుంది. వ్యవసాయ భూమికి అది వర్తించదు. బ్యాంకు కాదన్నాక చాలామంది తోట కాగితాలు పెట్టి బయట వడ్డీకి తెస్తారు. దయచేసి ఆ పని చేయొద్దు. 2025లో తోతాపురి ధర పడిపోయి, ఫ్యాక్టరీలు ఇచ్చేదానికి పైన ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు కలపాల్సి వచ్చిన సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. అలాంటి ఆదాయాన్ని నమ్ముకుని నెలనెలా కట్టే వాయిదా పెట్టుకోకూడదు.

పిల్లల్ని విదేశాలకు పంపాలని వచ్చే తల్లిదండ్రులందరినీ నేను ఒకటే అడుగుతాను. చదువైపోయాక పాప ఇండియాకు తిరిగొచ్చి ఇక్కడి జీతం మీద బతకాల్సి వస్తే, ఈ అప్పు తీరుతుందా? తీరుతుందంటే ధైర్యంగా పంపండి. అమెరికా జీతం వస్తే తప్ప తీరని అప్పు అయితే ఆగండి.

మీ లెక్కే వేసి చూద్దాం. 46 లక్షల్లో 40 లక్షలు 10.5 శాతం వడ్డీకి తీసుకున్నారనుకోండి. నాలుగు సెమిస్టర్లకు నాలుగు విడతలుగా డబ్బు విడుదలవుతుంది. చదివే రెండేళ్ళు, ఆ పైన ఒక ఏడాది ఈఎంఐ ఉండదు కానీ వడ్డీ ఆగదు. మూడేళ్ళకు అది దాదాపు తొమ్మిదిన్నర లక్షలు. అంటే కట్టడం మొదలుపెట్టే రోజుకు అప్పు 49.5 లక్షలు. పదేళ్ళలో తీర్చాలంటే నెలకు సుమారు 66,700, పదిహేనేళ్ళలో అయితే 54,700. పాపకు ఇప్పుడొచ్చిన ఉద్యోగంలో చేతికి 40 వేలు కూడా రావు. ఎంఎస్ చేసొచ్చింది కదా అని రెట్టింపు జీతం వేసుకున్నా, పదిహేనేళ్ళ లోన్ అయినా మూడింట రెండు వంతులు ఈఎంఐకే పోతుంది.

దీనికి మీ వయసు కూడా కలపండి. ఈఎంఐ మొదలయ్యేసరికి మీకు 55 దాటుతుంది. మీ రిటైర్మెంట్ 62కి. పదేళ్ళ లోన్ అయినా చివరి మూడేళ్ళు పెన్షన్ లోంచి కట్టాల్సి వస్తుంది.

అమెరికాలో ఉద్యోగం రాదని నేను అనడం లేదు. సీఎస్‌ఈ లాంటి కోర్సులకు చదువయ్యాక అక్కడే పనిచేయడానికి 12 నెలల అనుమతి (ఓపీటీ), దానిపై మరో 24 నెలల పొడిగింపు ఉంది. ఆ మూడేళ్ళు అక్కడి జీతం వస్తే అప్పులో చాలా భాగం తీరిపోతుంది. కానీ ఓపీటీ మొదటి ఏడాదిలో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండటానికి వీల్లేదు. ఆ తర్వాత హెచ్-1బీ అనే ఉద్యోగ వీసాకు లాటరీ: ఏడాదికి 65 వేల వీసాలు, అమెరికాలో మాస్టర్స్ చేసిన వాళ్ళకు అదనంగా 20 వేలు. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు ప్రకటించారు. అక్కడే చదివి వీసా స్టేటస్ మార్చుకునే విద్యార్థులకు అది వర్తించదని ఒక నెల తర్వాత వివరణ ఇచ్చారు. ఆ నెల రోజులు ఎన్ని ఇళ్ళల్లో నిద్ర లేదో నాకు తెలుసు. మన చేతిలో లేని ఇలాంటి నిర్ణయాల మీద ఇంటి అప్పు ఆధారపడకూడదు.

మీ ఇంటికి నేను గీసే గీత 25 లక్షలు. ఈఎంఐ మొదలయ్యేదాకా వడ్డీ మీరు నెలనెలా కట్టేయాలి. మొత్తం విడుదలయ్యాక అది నెలకు 22 వేల లోపే ఉంటుంది, మీ జీతంలో కష్టమైనా సాధ్యమే. అలా కడితే అసలు 25 లక్షల దగ్గరే ఆగుతుంది. తర్వాత పదేళ్ళకు ఈఎంఐ 33,700, పదిహేనేళ్ళకు 27,600. పాప తిరుపతిలోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసుకుంటూ కూడా కట్టగలదు. ఎఫ్‌డీలోంచి 7 లక్షలు వేయండి, మిగతా 3 లక్షలు ఇంటి అవసరాలకు కదల్చకుండా ఉంచండి. అంటే మొత్తం బడ్జెట్ 32 లక్షలు. జీపీఎఫ్ జోలికి వెళ్ళొద్దు.

32 లక్షల్లో అయ్యే యూనివర్సిటీలు దొరుకుతాయా అంటే, వెతకాలి. ఖర్చు తక్కువుండే ఊళ్ళలోని స్టేట్ యూనివర్సిటీలు, ఫీజులో రాయితీ ఇచ్చేవి, అసిస్టెంట్‌షిప్ (చదువుతూ యూనివర్సిటీలోనే చేసే పని) దొరికే అవకాశం ఉన్నవి చూడాలి. పది వద్దు, ఐదారు చాలు. ఒక్కో దరఖాస్తుకు 50 నుంచి 120 డాలర్ల దాకా ఫీజు, జీఆర్ఈ, ఐఈఎల్‌టీఎస్ రెండూ కలిపి 40 వేల చుట్టూ. చేరకముందే లక్షన్నర దాటిపోవడం చాలా తేలిక. కన్సల్టెన్సీలకు కొన్ని యూనివర్సిటీలు కమీషన్ ఇస్తాయి, కాబట్టి వాళ్ళ లిస్టులో ఏ పేరు ముందుందో అదే మంచిదనుకోవద్దు. అమెరికా ప్రభుత్వానికి చెందిన ఎడ్యుకేషన్‌యూఎస్ఏ హైదరాబాద్‌లో ఉచితంగా సలహా ఇస్తుంది, ముందు వాళ్ళతో మాట్లాడించండి. ఖాతాలో డబ్బున్నట్టు చూపిస్తాం, కొంత ఫీజివ్వండి అని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. వీసా ఆఫీసర్‌కు దొరికితే పాపకు ఆ దేశం తలుపు శాశ్వతంగా మూసుకుపోవచ్చు.

ఇంకో చోట చాలామంది పొరబడతారు. వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ఉండే మొత్తం సాధారణంగా ఒక ఏడాది ఖర్చు మాత్రమే. రెండో ఏడాదికి మళ్ళీ అంత కావాలి, అదీ అప్పటి డాలర్ రేటుకు. 2015లో డాలర్ 64 రూపాయల చుట్టూ ఉండేది, 2025 డిసెంబరులో 90 దాటింది. అందుకని లోన్ 28 లక్షలకు శాంక్షన్ చేయించుకోండి. వాడని దానికి వడ్డీ పడదు.

ఇక ప్లాట్. అమ్మొద్దు, తాకట్టు పెట్టండి. తొందరలో అమ్మితే బేరం మీ చేతిలో ఉండదు, లాభం మీద పన్ను కూడా పడుతుంది. తాకట్టు పెడితే ప్రభుత్వ బ్యాంకులో వడ్డీ తగ్గుతుంది. తాకట్టు లేకుండా ఇచ్చే ఫైనాన్స్ కంపెనీలు తరచూ ఎక్కువ వడ్డీ అడుగుతాయి. రేపు పరిస్థితి తిరగబడితే అప్పుడు తీరిగ్గా ప్లాట్ అమ్మి లోన్ దించేయొచ్చు. ఒక్కటి చూడాలి: లేఅవుట్‌కు తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అప్రూవల్ ఉందా? అప్రూవల్ లేని లేఅవుట్ ప్లాట్‌ను బ్యాంకు లాయర్ ఒప్పుకోవడం కష్టం. అడ్మిషన్ వచ్చాక ఈ సంగతి తెలిస్తే మీకు టైం ఉండదు.

జర్మనీ గురించి విన్నది సగం నిజం. ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఎక్కువ చోట్ల ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం మన లాంటి విద్యార్థులకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు. ఏడాది బతకడానికి 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో ముందే వేయాలి, నెలకు 992 చొప్పున ఇస్తారు. యూరో 105 రూపాయలనుకుంటే ఏడాదికి పన్నెండున్నర లక్షలు, రెండేళ్ళకు 25. మీ బడ్జెట్‌లోనే ఉంది. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు. కానీ జర్మన్ భాష రాకపోతే ఆ 18 నెలలూ చాలా కష్టం, పాప ఇప్పుడే క్లాసులు మొదలుపెట్టాలి. మన చదువు సర్టిఫికెట్లు అసలైనవేనని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్ కూడా తప్పనిసరి. ఎవరైనా జర్మనీ అని చెప్పి భారీ ఫీజు అడిగితే అది ప్రైవేట్ యూనివర్సిటీ అయ్యుంటుంది, పేరు చూసుకోండి. నా మటుకు, దరఖాస్తుల్లో రెండు జర్మనీవి ఉండాలి.

బాబు విషయంలో అంత భయం అక్కర్లేదు. పీఎం విద్యాలక్ష్మి పథకం కింద, ఆ జాబితాలో ఉన్న కాలేజీలో మెరిట్ మీద సీటొస్తే తాకట్టు, హామీదారు లేకుండా లోన్ ఇస్తారు. 3 శాతం వడ్డీ రాయితీ మాత్రం కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు వాళ్ళకే, మీకు రాదు. వేలూరు వీఐటీ లాంటి చోట ర్యాంకును బట్టి ఫీజు కేటగిరీ మారుతుంది, కాబట్టి ఈ రెండేళ్ళు వాడి కోచింగ్‌కు పెట్టే డబ్బు దండగ కాదు.

పన్ను సంగతి రెండు ముక్కల్లో: పాత పన్ను విధానంలో ఉంటే విద్యారుణం మీద మీరు కట్టిన వడ్డీ మొత్తం ఎనిమిదేళ్ళ వరకు ఆదాయం లోంచి తగ్గుతుంది, కొత్త విధానంలో అది లేదు. సొంత డబ్బు ఏడాదికి 10 లక్షలు దాటి పంపితే టీసీఎస్ (బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను) పడుతుంది, బ్యాంకు విద్యారుణం డబ్బుకు పడదు.

వచ్చిన అడ్మిషన్లేవీ 32 లక్షల్లో ఇమడకపోతే, పాప ఆ 5 లక్షల ఉద్యోగంలో చేరి ఒకటి రెండేళ్ళు పనిచేయనివ్వండి. జీఆర్ఈ స్కోరు ఐదేళ్ళు చెల్లుతుంది. ఈలోపు ఆమె దాచుకునే డబ్బు అప్పును తగ్గిస్తుంది, అనుభవం అక్కడ ఉద్యోగానికీ పనికొస్తుంది. వెళ్ళే ముందు మాత్రం ఆమె పేరు మీద లోన్ మొత్తానికి సరిపడా టర్మ్ పాలసీ తీసుకోండి.

ఈ వారంలోనే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ప్లాట్ ఈసీ తీయించండి, లింకు డాక్యుమెంట్లు వెతికి పెట్టుకోండి. బ్యాంకుకు పాపను కూడా తీసుకెళ్ళండి. లోన్ ఆమె పేరు మీదే ఉంటుంది, ఈఎంఐ ఎంతో మేనేజర్ చెబుతుంటే ఆమే వినాలి.